మామ లైసెన్సుకు నా సాక్ష్యం

మామ పోయిన తరువాతి నెలలో ఆయన కొడుకు శ్రీకాంత్ కట్టంగూర్‌లో మేముండే కిరాయి ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, హైవే మీద లారీల మోతలో మీకు నిద్ర ఎట్లా పడుతుందని అడిగి, మిఠాయి డబ్బా మా చిన్నదాని చేతిలో పెట్టాడు. పాలమూరు నుంచి అంత దూరం ఊరికే రాడని నాకు తెలుసు. టీ తాగడం అయ్యాక అసలు మాట ఎత్తాడు.

“బావా, నాయిన రివాల్వర్ స్టేషన్ల పెట్టినం గద. దాన్ని నా పేరు మీదికి మార్చుకోవాలె. ఎంక్వైరీ నడుస్తుంది. పాత కేసుల కండ్లార చూసినోనివి నువ్వొక్కనివే. ఎస్ఐ పిలుస్తడు. అప్పుడు చెప్పిందే ఇప్పుడు చెప్పు, సాలు.”

“నీకెందుకురా రివాల్వర్?”

“ఎందుకంటవేంది? నాయిన నడుముకు అది ఉన్నన్ని రోజులు మనిషిని చూసి లేచి నిలబడేటోళ్లు. ఇప్పుడు నేను వెంచర్ మీదికి పోతే ఒక్కడు నమస్తే పెడ్తలేడు.”

అప్పుడు చెప్పిందే చెప్పమన్నాడు. అప్పుడు నేను చెప్పింది ఇది: మా మామ కారు మీద తపంచాతో, అంటే నాటు తుపాకీతో, కాల్చి పారిపోయిన మనిషిని నేను చూశాను, అతను నా స్నేహితుడు గౌస్. ఆ మాట స్టేషన్‌లో చెప్పాను. జిల్లా పేజీలో అచ్చయింది. మైకు పట్టుకుని ఒక సభలో కూడా చెప్పాను. శ్రీకాంత్ వచ్చిన ఆ రోజుదాకా ఎక్కడా వెనక్కి తీసుకోలేదు. ఈ జ్ఞాపకాలలో బడి గురించి, ఊరి గురించి, నా ఉద్యోగం గురించి రాస్తూ వచ్చినవాణ్ణి, మామ ఇంట్లో గడిపిన ఆ కొన్నేళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పక్కకు తప్పుకున్నాను. ఇక తప్పుకోవడానికి లేదు.

ఆ పట్టణం పేరు రాయడం లేదు. పాలమూరు వైపు వాళ్లకు రాయకపోయినా తెలుస్తుంది. రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నాలాంటి డిగ్రీ కుర్రాళ్లందరం నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ, అద్దె గదుల్లోనో బంధువుల ఇళ్లలోనో ఉండి కోచింగులకు పోతుండేవాళ్లం. నేను మా అమ్మ తమ్ముడైన నర్సింహ మామ ఇంట్లో ఉండేవాణ్ణి. నా చిన్నప్పుడే నాయిన పోతే, నా చదువు మామ చేతుల మీదుగానే సాగింది. ఆ ఇంట్లో తెల్లవారడం అంటే యాదమ్మ అత్త జొన్నరొట్టె చరిచే చప్పుడు. పెనం మీద పిండి కాలే వాసన, దానిలో కలిసి మామ తలకు రాసుకునే నూనె వాసన. ఆయన వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు, అత్తకు వినబడాలని. చావుల వార్తలు ముందు, ధరలు తరువాత, రాజకీయాలు చివర. నేను వచ్చి కూర్చునేదాకా రొట్టె తుంచేవాడు కాదు. “అల్లుడు రానియ్యే. ఒక్కన్నే తింటే గొంతు దిగదు” అనేవాడు. నాయిన లేని పిల్లవాడికి ఆ మాట ఎంత పెద్దదో అనుభవించినవాడికే తెలుస్తుంది.

మామ పొలాలు కొని, ప్లాట్లు కొట్టి అమ్మేవాడు. రాష్ట్రం వచ్చాక ఆ వ్యాపారం ఉడుకెక్కింది. కోచింగు లేని పూట నేను వెంచర్ మీదికి పోయి, చూడవచ్చినవాళ్లకు ప్లాట్లు చూపించేవాణ్ణి. ఒకసారి ఒక రిటైర్డు ఉద్యోగి బోరు ఎట్లా ఉందని అడిగితే, వేసవిలో ఎండిపోతుందని చెప్పేశాను. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. అత్త తల పట్టుకుంది. మామ మాత్రం పగలబడి నవ్వాడు. “తిట్టకే. మనకు గీ జమానల గిసుంటి పోరడు దొరకడు. వీడు పక్కనుంటే నన్ను కూడ నమ్ముతరు” అన్నాడు. ఆ తరువాత ఎవరు వచ్చినా నన్ను అట్లాగే పరిచయం చేసేవాడు: మా అల్లుడు, అబద్ధం చెప్పనేర్వడు. నాకు ఛాతీ ఉబ్బేది.

గౌస్ నాకు ఇంటర్ నుంచి స్నేహితుడు. బస్టాండు రోడ్డులో వాళ్ల వెల్డింగ్ షాపు. షట్టర్లు, గేట్లు, కిటికీల గ్రిల్లులు చేసేవాడు. గేటు పూర్తయ్యాక దాని మీద ఎక్కి ఒకసారి ఊగి, “నేనూగినా విరగలేదంటే నీ దొంగకు ఇంకేం విరుగుతది సేఠ్” అని కొన్నవాళ్లతో అనేవాడు. వాడి చొక్కాలన్నిటికీ నిప్పురవ్వలు పడి చిన్న చిన్న చిల్లులుండేవి. కొత్త చొక్కా వేసుకున్న రోజున చిల్లులేవని నేను అడిగితే, “ఇయ్యాల జుమ్మా. రేపు వస్తయి” అనేవాడు. మధ్యాహ్నాలు వాళ్లింట్లో తిన్న రోజులకు లెక్కలేదు. వాళ్లమ్మ, మేమంతా అమ్మీ అనేవాళ్లం, చింతపండు పప్పు చేసి అన్నం మీద పోసి, నా కంచం చూసి, “ఏం రా మల్లేశ్, మీ అత్త పెట్టింది పోను కడుపుల ఇంక జాగ ఉన్నదా?” అని నవ్వేది. గౌస్ నన్ను ఆటపట్టించేవాడు. “నీ నోటిఫికేషన్ వచ్చేలోపు నీకు గడ్డం తెల్లగైతది. అప్పుడు వచ్చి నా గేట్లకు రంగులెయ్యి. కూలి మంచిగిస్త.”

మామ వెంచర్‌కు, డాంబరు రోడ్డుకు మధ్యలో గౌస్ వాళ్ల నాయిన వదిలిపోయిన చిన్న మెట్ట పొలం, చెలక, ఉండేది. దారి వెడల్పు చేయాలంటే అది కావాలి. మామ అడిగించాడు, గౌస్ ఇవ్వనన్నాడు. మళ్లీ అడిగించాడు, మళ్లీ ఇవ్వనన్నాడు. ఒకరోజు షాపులో నేనే ఆ మాట ఎత్తితే వాడికి కోపం వచ్చింది. “అబ్బా జాగ అది. అమ్మేది లేదు. మీ మామ కారు అండ్ల టైరు పెట్టనియ్యి, టైరు మిగలదు చెప్పు పో” అన్నాడు. అని, వెంటనే నవ్వి నాకు చాయ్ తెప్పించాడు. నేను ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ ఆ మాటను తమాషాగా చెప్పాను. అత్త నవ్వింది. మామ నవ్వలేదు. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, “గట్లన్నడా?” అని అడిగాడు. మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. నేను గొంతు మార్చి, గౌస్ అన్నట్టే అని చూపించాను.

తరువాత కొన్నాళ్లకు, పొద్దుగూకే వేళ, వెంచర్ మీద నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాను. ఆ రోజు డ్రైవర్ కురుమూర్తి సెలవు పెట్టాడని మామే కారు నడుపుకుంటూ వచ్చాడు. తిరిగి బయలుదేరిన కారు వెంచర్ ముందరి కమాను దాటుతుండగా ఢాం అని చప్పుడైంది. టైరు పేలిందనుకున్నాను. వెనుక అద్దం మొత్తం పొడిపొడిగా రాలింది. గౌస్ వాళ్ల చెలకలో నుంచి, మొహానికి రుమాలు కట్టుకున్న ఒక మనిషి తుమ్మల వైపు ఉరుకుతున్నాడు. నేను కుర్చీలు వదిలేసి మామ దగ్గరికి పరుగెత్తాను. ఆయన స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. తల ఎత్తి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “అల్లుడా, చూసినవా? వాని నడక చూసినవా? గౌస్ గాడు గాదు?” అన్నాడు.

“అట్లనే ఉంది మామా” అన్నాను.

ఈ ఒక్క మాట నుంచి మిగతా అంతా ఎట్లా పెరిగిందో ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో. సీటు నిండా గాజు ముక్కలు. నా కళ్ల ముందు నన్ను సాకిన మనిషి ప్రాణం పోబోయింది. ఇంటికి పోయేసరికి నా నోట ‘అట్లనే ఉంది’ అన్న మాట ‘వాడే’ అయింది. స్టేషన్‌కు పోయేసరికి, ఉరికిన మనిషి చొక్కా మీద నిప్పురవ్వల చిల్లులు కూడా కనిపించాయి నాకు. అంత దూరం నుంచి, ఆ మసక వెలుతురులో, ఎవరికీ కనిపించవు. కానీ నేను చెబుతున్నప్పుడు నిజంగా చూస్తున్నాను. అప్పటి ఎస్ఐ సంతోషపడ్డాడు. “వెల్డింగ్ పని వాడు. పైపు ముక్క, స్ప్రింగు ఉంటే తపంచా చేసుకునుడు ఎంతసేపు?” అన్నాడు. ఒక మనిషి అన్నం పెట్టే పని అతని మీద ఆధారమైపోవడం నేను ఆ బల్ల ముందు కూర్చుని విన్నాను. అదీ నిజమే కదా అనుకున్నాను.

గౌస్‌ను తీసుకుపోయారు. షాపులో పైపులన్నీ రోడ్డు మీదికి లాగి చూశారు. తుపాకీ దొరకలేదు. కేసు నిలబడలేదు. వాణ్ణి వదిలేశారు గానీ, రౌడీ షీటు తెరిచారు. అమ్మీ మా ఇంటి ముందుకు వచ్చి గేటు బయట నిలబడింది. ఆ గేటు గౌస్ చేసిందే. అత్త నన్ను లోపలికి పొమ్మంది. నేను పోయాను.

పట్టణమంతా అదే మాట. మన ఊళ్లో తుపాకీ పేలిందట. కోర్టు ముందున్న హోటల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాదనే. “ఇగ వ్యాపారం చేసేటోనికి లైసెన్సు ఇయ్యాలె. దొంగల దగ్గర ఉండంగ దొరల దగ్గర ఉండొద్దా?” అని ఒకాయన. “ఇయ్యి మరి. ఇయ్యాల నీకిస్తే రేపు నీ పక్కింటోడు అడుగుతడు. చాయ్‌ల చక్కెర తక్కువైందని నన్ను కాలుస్తరు” అని హోటలాయన. “నీ చాయ్‌కి తుపాకీ ఎందుకయ్యా, తాగినోడు తనంతట తానే పోతడు” అని ఇంకొకాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ప్లాట్ల వ్యాపారులంతా ఫంక్షన్ హాల్లో సభ పెట్టుకుని, తమకు ఆత్మరక్షణకు ఆయుధాలు ఇవ్వాలని తీర్మానం చేసినప్పుడు, మామ నాకు మైకు ఇప్పించాడు. చట్టానికి లోబడేవాడి చేతిలో ఆయుధం ఉంటే చట్టానికే బలమని చెప్పాను. స్నేహితుణ్ణి కూడా చూడకుండా నిజం చెప్పిన యువకుడని ఎవరో నాకు శాలువా కప్పారు.

మామకు ప్రాణహాని ఉందని రుజువైంది, లైసెన్సు వచ్చింది. రివాల్వర్ వచ్చిన రోజు అత్త గడపకు పసుపు రాసింది, కొత్త కోడలు వచ్చినట్టు. ఆ తరువాత ఇంటి తీరు దాని చుట్టూ మారింది. ఆదివారం పొద్దున, మటన్ ఉడికే వాసనలో తుపాకీ నూనె వాసన కలిసేది. మామ పాత ధోతి గుడ్డ పరిచి, తూటాలు పక్కన పేర్చి, సన్నని బ్రష్షుతో గొట్టం తుడిచేవాడు. తినేటప్పుడు కంచం పక్కనే పెట్టుకునేవాడు. కూర వడ్డించాల్సి వస్తే అత్త దాన్ని చీర కొంగుతో పట్టుకుని, పొయ్యి మీది గిన్నె దించినట్టు పక్కకు జరిపేది. దసరా నాడు కత్తి, కొడవలి, కారు తాళాలతోపాటు దానికీ కుంకుమ బొట్టు. జమ్మి పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు మామను అలయ్ బలయ్ తీసుకుంటూ, నడుము దగ్గర గట్టిగా తగిలిన దాన్ని తడిమి చూసి, “గిదేనా?” అనేవాళ్లు. మామ మొహం వెలిగేది. అంతకు ముందు ఆయన చొక్కా ఎప్పుడూ బయటికి వదిలేసేవాడు. రివాల్వర్ వచ్చాక కుర్చీలో కూర్చుంటూ చొక్కా అంచు కొంచెం పైకి జరుపుకోవడం అలవాటైంది. పిడి కనబడేంత మాత్రమే.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి ఇస్తారు. ఒక దసరాకు ముందే ఎన్నికల కోడ్ వచ్చేసింది. పూజకు రివాల్వర్ లేదని మామకు ఆ పండుగ పండుగలాగే లేదు. దాన్ని అప్పగించడానికి నేనూ ఆయన వెంట పోయాను. మామను చూసి కానిస్టేబుల్ లేచి కుర్చీ వేశాడు. చాయ్ వచ్చింది. లోపల రివాల్వర్‌కు చీటీ కడుతున్నారు. వరండాలో, గోడ పొంటి, కొంతమంది నేల మీద కూర్చుని ఉన్నారు. ఎన్నికలప్పుడు గొడవ చేయబోమని తహసీల్దారు ముందు పూచీ రాయించడానికి, బైండోవర్ అంటారు దాన్ని, రౌడీ షీటు ఉన్నవాళ్లను తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో గౌస్ ఉన్నాడు. చేతుల నిండా పని మసి. షాపులో నుంచి అట్లాగే పిలుచుకొచ్చినట్టుంది. తుపాకీ ఉన్న మనిషి కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎన్నడూ తుపాకీ ముట్టని మనిషి నేల మీద కూర్చుని, ఏ గొడవా చేయనని సంతకం పెట్టడానికి ఎదురుచూస్తున్నాడు. ఇదంతా ఇప్పుడు రాస్తున్న వాక్యం. అప్పుడు నాకు అనిపించింది ఇది కాదు. వాడు నా వైపు చూసినప్పుడు, వాడికి ఇంకా సిగ్గు రాలేదేమిటని అనుకున్నాను.

మామ అక్క కూతురి పెళ్లి, అంటే మా పెద్దమ్మ కూతురి పెళ్లి బరాత్‌లో మామ గాలిలోకి కాల్చాడు. బ్యాండు వాళ్లు ఊపు మీద ఉన్నారు. కుర్రాళ్లు “మామా, ఒకటి! మామా, ఒకటి!” అని అరుస్తున్నారు. నేను కూడా అరిచాను. మామ రివాల్వర్ తీసి పైకెత్తి కాల్చాడు, మళ్లీ కాల్చబోతుంటే ఎవరో ఎగిరి మెడ మీద పడ్డారు. చెయ్యి వాలింది, రివాల్వర్ పేలింది. తల మీద లైటు మోస్తున్న బాలమణి అనే ఆమె కూలిపోయింది. ఒక్క క్షణం బ్యాండు ఆగింది. “లైటు పేలింది, లైటు పేలింది” అని మామ అరిచాడు. అందరం ఆ మాటే పట్టుకున్నాం. దవాఖానలో కూడా గాజు గుచ్చుకుందనే చెప్పారు మావాళ్లు. ఆమె ఏమీ అనలేదు. అనడానికి ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆమె కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఇక లైట్లు మోయలేదు. ఆ తెల్లారి అత్త జొన్నరొట్టెలు చేసి పిలిచింది. నేను పోయి తిన్నాను. మామ నా భుజం మీద చెయ్యేసి, “పొరపాటు అల్లుడా. కావాలని చేస్తనా?” అన్నాడు. కావాలని చేయడని నమ్మాను. ఆ ఇంట్లో నేను నమ్మనిదంటూ ఏమీ లేదు.

టీచర్ ఉద్యోగం వచ్చి నేను నల్లగొండ జిల్లాకు వచ్చేశాను. గౌస్ ఆ చెలక చివరికి మామకే ఇచ్చేసి, అమ్మీని తీసుకుని కోస్గికి వెళ్లిపోయాడని విన్నాను. అమ్మీ అక్కడే పోయిందని కూడా విన్నాను. చూడడానికి పోలేదు నేను.

మామ గుండెపోటుతో పోయాడు. దశదినకర్మ నాడు బంధువులంతా తిన్నాక, మగవాళ్లం షామియానా కింద కూర్చున్నాం. కల్లు తిరుగుతోంది. మామ గొప్పలు ఒక్కొక్కరూ చెప్పుకుంటున్నారు. డ్రైవర్ కురుమూర్తి ఏడుస్తూ నవ్వుతూ లేచాడు. “మా సేఠ్ గుండె గుండె కాదయ్యా. నా చేతికి తపంచా ఇచ్చి, కొట్రా కురుమూర్తి, అద్దం మీద కొట్టు, నా మీద కొట్టకు, అని తానే కార్ల కూసున్నడు. నాకు ఉచ్చ పడుతుంది. ఏమన్న అయితే ఎట్ల సేఠ్ అంటే, అయితే నా కొడుకుకు లైసెన్సు వస్తది, కొట్టు అన్నడు!”

అందరూ విరగబడి నవ్వారు. శ్రీకాంత్ నవ్వాడు. మా పెద్దమ్మ కొడుకు నవ్వాడు. వంటపాత్రల దగ్గర ఆడవాళ్లు నవ్వారు. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. అది అందరికీ పాత కథ. నాకొక్కడికే కొత్తది.

నేను లేచి అత్త దగ్గరికి పోయాను. ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది.

“అత్తా, నీకు తెల్సా?”

“ఏందది?”

“కారు మీద కాల్చింది కురుమూర్తి అని.”

ఆమె నా మొహం చూసి నిజంగానే జాలిపడింది. “నీకు ఇంక తెల్వదా నాయినా? అప్పుడు చెప్తే నీ మొహం దాచదని చెప్పలే. తరువాత ఎవలో చెప్పే ఉంటరనుకున్న. మీ మామ అనేటోడు, నేను చెప్తే ఎస్ఐ నమ్మడు, అల్లుడు చెప్తే దేవుడు కూడ నమ్ముతడు అని.” నా చెయ్యి పట్టుకుని, “నిన్ను మెచ్చుకునే అన్నడు బిడ్డా” అంది.

ఆ రాత్రి బస్సులో వస్తూ నేను ఏడ్చింది మామ కోసం కాదు. నాతో తినడానికి ఆగిన రొట్టెలు, నన్ను పరిచయం చేసిన మాటలు, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, వాటిలో ఏది ప్రేమ, ఏది నన్ను సిద్ధం చేయడమో విడదీయలేకపోయాను. ఇప్పటికీ విడదీయలేను. ఈ రోజుల్లో మా స్టాఫ్ రూంలో కూడా తుపాకుల మాట తరచుగా వస్తుంది. నగరంలో ఎక్కడో కాల్పులు జరిగిన వీడియో ఫోన్లో చూపిస్తారు. నడుముకు పిస్తోలు పెట్టుకుని కారు దిగే కుర్రాళ్ల రీళ్లు చూపిస్తారు. లైసెన్సులు కట్టడి చేయాలని ఒకరు, దొంగ తుపాకులను పట్టుకోకుండా లైసెన్సుల మీద పడితే ఏం లాభమని ఒకరు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నేను మాత్రం కాగితాల వెనుక ఉన్న మనుషుల గురించి ఆలోచిస్తాను. ప్రతి లైసెన్సు వెనుకా, ఈయనకు ప్రాణహాని ఉందని చెప్పిన ఒకరుంటారు. ఆ ఒక్కరు అబద్ధాలకోరు అయితే చట్టం ఎప్పుడో పట్టుకుంటుంది. మంచివాడైతే పట్టుకోవడం కష్టం. మా కాలంలో తుపాకీని చూస్తే భయమేసేది, ఇప్పటి పిల్లలకు ముచ్చటేస్తోంది అని తోటి టీచర్లు అంటుంటారు. మా కాలంలోనూ ముచ్చటే వేసింది. బరాత్‌లో అరిచిన గొంతుల్లో నాదీ ఉంది.

శ్రీకాంత్ వచ్చి వెళ్లిన వారంలో నేను కోస్గి పోయాను. మోసపోయిన మనిషిగా పోయాను. ఇద్దరం ఒకే మనిషి చేతిలో మోసపోయాం, ఆ మాట చెబితే వాడు నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగిస్తాడని బస్సులో ఊహించుకున్నాను. గౌస్ షాపు సంత బజారు దాటాక ఉంది. ఒక్కడే కూర్చుని గేటు అతుకుతున్నాడు. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, చేతిలో మంట ఆపాడు.

“రండి సార్. కూసోండ్రి.”

“నన్ను సార్ అంటవేందిరా గౌస్?”

“టీచర్ గద. ఏమనాలె మరి?”

చెప్పాను. కురుమూర్తి కాల్చిన సంగతి, షామియానా కింద అందరూ నవ్విన సంగతి, అత్త అన్న మాట, అన్నీ చెప్పాను. వాడు అతుకు మీది చిట్టెం చిన్న సుత్తితో కొడుతూ విన్నాడు.

“మీ మామ సంగతి నాకెప్పుడో తెల్సు సార్. నేను కాల్చలే. ఇంకెవలో కాల్చిన్రు. ఆయనకు లైసెన్సు రాంగనే సమజైపాయె.”

“నన్ను కూడ మోసం చేసిన్రు గౌస్. నా పిల్లల మీద ఒట్టు. నేను నిజమనుకునే చెప్పిన.”

సుత్తి ఆగింది. నా వైపు తిరిగాడు.

“నిజమనుకునే చెప్పినరా?”

“నిజమనుకునే చెప్పిన.”

“ఇన్నొద్దులు మీరు అబద్ధం చెప్పినరనుకున్న సార్” అన్నాడు. గొంతు పెంచలేదు. “మామ ఇంట్ల తిండి, మామ పెట్టిన చదువు. భయపెట్టిన్రేమో, చెప్పక తప్పలేదేమో అనుకున్న. అమ్మీ గదే అనేది. మల్లేశ్ మజ్బూరీల చెప్పిండు, వాన్ని శపించకురా, వాడు లోపల్లోపల ఏడుస్తుంటడు అనేది. గట్ల అనుకుంటనే పోయింది ఆమె. ఇప్పుడొచ్చి, నిజమనుకున్న అంటున్నరు. నా పక్కన కూసోని అన్నం తిన్నరు. నేను తపంచా పట్టుకొని ఉరుకుతనని మీకు నిజంగనే అనిపించిందా?”

నిజమనుకున్నానన్నది, మామ దశదినకర్మ రోజు నుంచి నేను నాకు చెప్పుకుంటున్న ఒకే ఒక్క సమాధానం. తెలిసి చెయ్యలేదు, నమ్మి చెప్పాను. దాన్ని తెచ్చి వాడి ముందు పెడితే, వాడి దగ్గర మిగిలిన కాస్త ఓదార్పు కూడా పోయింది. మామ వాడికి శత్రువు. శత్రువు చేసిన పనికి ఎవరూ ఆశ్చర్యపోరు. చిల్లుల చొక్కా కథ మామ చెప్పమన్నది కాదు. అది నేను చేర్చింది. మామ ఒక్క పేరు నా చెవిలో వేశాడు. ఆ పేరు అక్కడ నిలవడానికి కావలసిన జాగా నా లోపల ముందే ఉంది. వెల్డింగ్ వాడు, కోపంగా ఒక మాటన్నాడు, తురకోడు. ఈ చివరి మాట నేను అప్పుడు పైకి అనుకోలేదు. అనుకోవలసిన అవసరమే రాలేదు.

“పొద్దువోతుంది సార్. మళ్ల బస్సు దొరకది” అన్నాడు గౌస్, మంట మళ్లీ వెలిగిస్తూ.

ఎస్ఐ పిలిచిన రోజు శ్రీకాంత్ నా కంటే ముందే వచ్చి స్టేషన్‌లో కూర్చుని ఉన్నాడు. ఎస్ఐ కొత్తాయన, చిన్న వయసు. మర్యాదగా కుర్చీ చూపించాడు.

“ఆ రోజు కాల్చింది గౌస్ అని మీరు గుర్తుపట్టిన్రు గదా సార్?”

“లేదు. మొహానికి రుమాలుంది. వీపు తప్ప నేనేం చూడలేదు. కాల్చింది డ్రైవర్ కురుమూర్తి. కాల్పించుకున్నది మా మామ. గౌస్ ఆ దరిదాపుల లేడు.”

శ్రీకాంత్ కుర్చీ వెనక్కి పడింది. “బావా! చచ్చిపోయినోని మీద గిట్ల మాట్లాడుతవా? మా నాయిన తిండి తిని పెరిగినవు!”

“తిన్న” అన్నాను.

ఎస్ఐ శ్రీకాంత్‌ను బయటికి పంపాడు. కలం కింద పెట్టి, గొంతు తగ్గించి నా వైపు వంగాడు. “చూడండి సార్, మీరు గవర్నమెంటు ఉద్యోగి. పోలీసులకు తప్పుడు సాక్ష్యం చెప్పినట్టయితది. అప్పుడు మీ మామ ఇంట్ల ఉన్నరు, ఆయన మీద బతికిన్రు. ఆయన భయపెట్టి చెప్పించిండు, అంతే గదా? గట్లనే రాస్త. మీకు కూడ మంచిది.”

ఆయన మనసులో చెడు లేదు. నాకు ఒక దారి చూపిస్తున్నాడు. అమ్మీ చనిపోయేదాకా నా కోసం తెరిచి ఉంచిన దారి కూడా అదే. ఊ అంటే చాలు.

“ఎవలు భయపెట్టలే సార్” అన్నాను. “గౌస్ అయ్యుంటడని నేనే నమ్మిన. గది రాయండి.”